కదిరమ్మవ్వ కన్ను

భోజనం గంట మోగిందంటే చాలు, హేమలత కాళ్లు నేల మీద నిలవవు. అయిదో తరగతి గదిలోంచి ఒక్క పరుగున వచ్చి వరుసలో మొదట నిలబడుతుంది. ఆ రోజూ అంతే. ప్లేటు కడుక్కొని అందరికంటే ముందు వంటగది అరుగు దగ్గరికి వచ్చేసింది.

"రా పాపా! నువ్వే రావల్ల ఫస్టు," అని నవ్వింది కదిరమ్మవ్వ. పదకొండేళ్లుగా ఆ బడిలో వంట ఆమెదే. గరిటెతో పులిహోర తీసి, వడ్డించడానికి కిందికి వంగింది.

అంత దగ్గరగా అప్పుడే చూసింది హేమలత. అవ్వ కుడి కన్ను ఎర్రగా ఉంది. ముక్కు వైపు మూల నుంచి గులాబీ రంగు కండ ఒకటి బయల్దేరి, తెల్లగుడ్డు దాటి, నల్లగుడ్డు మీదికి పాకింది.

హేమలత ప్లేటు వెనక్కి లాక్కుంది.

"ఏమైంది పాపా? కోడిగుడ్డు పెద్దది కావల్నా?"

"నాకు ఆకలి లేదవ్వా," అనేసి అక్కడి నుంచి వెళ్లిపోయింది.

వెనక నిలబడ్డ హర్ష కూడా వడ్డించుకోకుండానే ఆమె దగ్గరికి పరిగెత్తాడు. "ఏమైందే? పులిహోరలో పురుగు పడిందా?"

"పురుగు గాదు. అవ్వకు కంటి జబ్బు. నేను సూసినా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హేమలత వాళ్ల నాయన నల్లప్పకు డెబ్భై గొర్రెలున్నాయి. పోయిన నెల ఒక గొర్రెకు కన్ను ఎర్రబడి నీళ్లు కారాయి. నాయన దాన్ని మందలోంచి వేరు చేసి, దొడ్డి మూలన తడిక అడ్డం పెట్టి కట్టేశాడు. ఆలోపే ఇంకో అయిదింటికి అంటుకుంది. ఆ గొర్రెకు పూటపూటా గడ్డి వేసింది హేమలతే. అందుకని కంటి జబ్బుల్లో తనకు తెలియనిది లేదని ఆమెకు గట్టి నమ్మకం.

"మందలో ఎర్రకన్ను జీవం ఉంటే ముందు దాన్ని ఏరు చేయల్ల. లేకుంటే అన్నిటికీ అంటుకుంటాది," అంది పెద్ద డాక్టరులా. "దాని కండ్లలోకి సూసినా సాలు, అంటుకుంటాది!"

ఆ చివరి ముక్క నాయన చెప్పింది కాదు. అది హేమలత సొంత పైత్యం.

హర్ష ఊరుకుంటాడా? బెల్లు కొట్టేలోపు నాలుగో తరగతికి చెప్పాడు. నాలుగో తరగతి మూడో తరగతికి చెప్పింది. సాయంత్రానికి ఆ మాట ఇళ్లకు చేరింది. మరుసటి రోజు అరవై మంది పిల్లల్లో నలభై మంది టిఫిన్ బాక్సులు తెచ్చుకున్నారు. మిగిలినవాళ్లు కూడా నేల చూపులు చూస్తూ ప్లేట్లు చాచి, వడ్డించగానే పారిపోయారు. అన్నం గిన్నె సగానికి పైగా అట్లాగే మిగిలిపోయింది. కదిరమ్మవ్వ ఏమీ అర్థం కాక, ఉప్పు ఎక్కువైందేమోనని కూర రుచి చూసుకుంది.

శుక్రవారం కొందరు తల్లిదండ్రులు బడికి వచ్చారు. హెడ్మాస్టరు నరసింహులు సారు కదిరమ్మవ్వను పిలిపించాడు. నీళ్ల సీసా నింపుకోవడానికి వచ్చిన హేమలతకు మాటలన్నీ వినిపించాయి.

"ఈ కన్ను మూడేండ్ల నుంచీ ఇట్లే ఉండాది సార్. ఎవురికైనా అంటుకునిందా సెప్పండి?"

"నాకు తెలుసులేమ్మా. కానీ ఊళ్లో వాళ్లు ఊరుకోవడం లేదే! సోమవారానికి డాక్టరు దగ్గర చీటీ రాయించుకొని రా. లేకుంటే వేరే మనిషిని పెట్టుకోక తప్పదు."

"ఈ వంట పోతే నేనేం చేయల్ల సార్? నాకెవురుండారు?"

కదిరమ్మవ్వ కొంగుతో కన్ను కప్పుకొని గేటు దాటి వెళ్లిపోయింది. వీధిలో ఇద్దరు పిల్లలు ఆమెను చూసి పక్కకు జరిగారు. హేమలత సీసా నిండి నీళ్లు పొర్లుతున్నా కొళాయి కట్టేయలేదు. జబ్బు వేరు చేయాలనుకుంది గానీ, అవ్వ ఏడుస్తుందని అనుకోలేదు.

పొద్దు గుంకే వేళకు నల్లప్ప మందను తోలుకొని వచ్చాడు. ముఖం నిండా ఎర్రటి దుమ్ము. హేమలత చెంబుతో నీళ్లిచ్చి, జరిగిందంతా చెప్పింది. తను మంచి పనే చేసిందని నాయన అంటే బాగుండునని ఆశ.

నల్లప్ప ముఖం కడుక్కొని, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"దా, ఈడికి దా. నా కండ్లు సూడు."

హేమలత చూసింది. నాయన ఎడమ కంట్లో, ముక్కు వైపు మూలన, చిన్న గులాబీ రంగు కండ! అయ్యో, రోజూ చూసే ముఖమే కదా, ఇన్నాళ్లూ ఎట్లా కనబడలేదు? తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏమ్మా, నన్ను గూడా తడిక అవతల కట్టేస్తావా?"

హేమలత భోరున ఏడ్చేసింది. నల్లప్ప తువ్వాలుతో ఆమె ముక్కు తుడిచాడు.

"గొర్రెను నా అంతట నేను కట్టేయలేదమ్మా. పశువుల డాక్టరు వచ్చి సూసి, ఇది అంటుకునేదప్పా అని చెప్పినాకనే కట్టేసినా. కదిరమ్మక్క కన్ను సంగతి నువ్వు ఎవుర్ని అడిగినావు?"

"ఎవుర్నీ అడగలేదు."

"మరి?"

హేమలత తువ్వాలు లాక్కొని ముఖం దాచుకుంది.

"ఎల్లుండి ఆదివారం బెళుగుప్పలో కంటి డాక్టర్లు వస్తాండారంట. నేను గూడా సూపించుకోవల్ల. కదిరమ్మక్కను గూడా పిల్చుకపోదాం. పిలిచేది మాత్రం నువ్వే," అన్నాడు నల్లప్ప.

శనివారం పొద్దున హేమలత కదిరమ్మవ్వ ఇంటికి వెళ్లింది. అవ్వ వాకిట్లో కూర్చొని చేటలో కందులు చెరుగుతోంది. హేమలత వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, నీ కంటి మాట... బళ్లో అందరికీ చెప్పింది నేనే."

చేట ఆగిపోయింది.

"మా గొర్రెకు వచ్చినట్ల వచ్చిందనుకున్యా."

"అంటే? నేను గొర్రెనా?"

హేమలత తల అడ్డంగా ఊపింది.

"ఒకటో తరగతిలో నువ్వు అన్నం తినక ఏడిస్తే ఎవురు తినిపించినారు? గుర్తుండాదా? పో! ఇంటికి పో!"

"రేపు ఎనిమిది గంటల బస్సుకు నాయన రమ్మన్నాడవ్వా. బెళుగుప్పకు కంటి డాక్టర్లు వస్తారంట."

అవ్వ చేట గట్టిగా విదిలించింది. హేమలత ఇంటికి వచ్చేసింది.

ఆదివారం బస్సు వచ్చింది. అవ్వ రాలేదు. నల్లప్ప, హేమలత ఎక్కారు. కండక్టరు విజిల్ ఊదబోతుంటే, "ఓ బస్సప్పా, ఆపు!" అని కేక. కదిరమ్మవ్వ ఆయాసపడుతూ వచ్చి ఎక్కింది. హేమలత పక్కన సీటు ఖాళీగా ఉన్నా, వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

బెళుగుప్ప కంటి శిబిరంలో డాక్టరమ్మ చిన్న లైటు మిషన్ ముందు అవ్వ గడ్డం ఆనించి కన్ను పరీక్షగా చూసింది. తర్వాత నల్లప్ప కన్నూ చూసింది.

"ఇద్దరికీ ఒకటే. దీన్ని టెరీజియం అంటారు. మనవాళ్లు కంట్లో కండ పెరిగింది అంటారు. ఎండ, గాలి, దుమ్ము ఏళ్ల తరబడి కంటికి తగిలేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. పొగ కూడా కంటిని మండిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. ఎవరికీ అంటుకోదు."

"కండ్లలోకి సూసినా అంటుకోదా మేడం?" హేమలత గబుక్కున అడిగింది.

డాక్టరమ్మ నవ్వింది. "చూస్తే ఏ కంటి జబ్బూ అంటుకోదు పాపా. కండ్లకలక కూడా చేతులతో, తువ్వాళ్లతో అంటుకుంటుంది. చూపుతో కాదు."

కదిరమ్మవ్వ మెల్లగా అంది. "కన్నే పోతాదేమోనని భయపడి ఎవురికీ సూపీలేదమ్మా. ఆముదం వేసుకుంటాండా."

"ఇంక వేయొద్దమ్మా. కంట్లో ఏదీ సొంతంగా వేసుకోకూడదు. కండ నల్లగుడ్డు మీదికి వచ్చింది, అందుకే మీకు మసకగా కనబడుతోంది. చిన్న ఆపరేషన్‌తో తీసేస్తాం. అదే కంట్లో తెల్లగుడ్డు మీది పల్చటి పొర ఇంత తీసి ఆ చోట అతికిస్తాం. ఆ రోజే ఇంటికి పోవచ్చు. కొన్ని వారాలు చుక్కల మందు వేసుకోవాలి. ఎండలోకి పోతే నల్ల కళ్లద్దాలు మాత్రం మర్చిపోవద్దు, కొందరికి మళ్లీ పెరుగుతుంది."

"నాకో మేడం?" అన్నాడు నల్లప్ప.

"మీది ఇంకా చిన్నది. ఆపరేషన్ అక్కర్లేదు. టోపీ, కళ్లద్దాలు పెట్టుకోండి. ఏడాదికొకసారి చూపించుకోండి."

"గొర్రెలు నన్ను గుర్తుపడతాయో లేదో," అన్నాడు నల్లప్ప. కదిరమ్మవ్వ ఫక్కున నవ్వింది. ఈ గొడవ మొదలయ్యాక ఆమె నవ్వడం అదే మొదలు. తిరుగు బస్సులో హేమలత పక్కనే వచ్చి కూర్చుంది.

సోమవారం ప్రార్థనలో నరసింహులు సారు డాక్టరమ్మ చీటీ పైకి చదివాడు. "ఇది అంటువ్యాధి కాదు. అర్థమైందా?" అన్నాడు. "అర్థమైంది సార్!" అని పిల్లలందరూ అరిచారు.

అరవడం సులువు. భోజనం గంట కొట్టాక ఒక్కరూ కదల్లేదు. వరుస పెట్టాల్సిన చోట ఎండ మాత్రమే ఉంది. అరుగు మీద కదిరమ్మవ్వ గరిటె పట్టుకొని నిలబడింది. సారు చీటీ చదివినా, పిల్లలు తినకపోతే ఆ వంటకు అర్థం ఏముంది? ఆ సంగతి ఆమెకూ తెలుసు, హేమలతకూ తెలుసు.

ఇప్పుడు ముందుకు వెళ్తే, పుకారు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. హర్ష ఆమె వైపే చూస్తున్నాడు. ప్లేటు పట్టుకొని హేమలత ఒక్కతే అరుగు దగ్గరికి నడిచి వెళ్లింది. అందరి వైపూ తిరిగింది.

"అవ్వ కన్ను అంటుకుంటాదని చెప్పింది నేనే. ఎవుర్నీ అడక్కుండా చెప్పినా. అది అబద్ధం. మా నాయనకు గూడా అదే ఉండాది. నేను రోజూ ఆయప్ప పక్కనే తింటాండా."

తర్వాత అవ్వ వైపు తిరిగి, నేల వైపు కాకుండా, ఆ ఎర్రటి కంట్లోకే సూటిగా చూసింది. "అన్నం పెట్టవ్వా."

కదిరమ్మవ్వ గరిటె నిండా అన్నం తీసింది. "ఎంత పెట్టల్ల?"

"చానా పెట్టు. ఆకలైతాండాది."

హర్ష వెనక వచ్చి నిలబడ్డాడు. "నాక్కూడా అవ్వా," అన్నాడు. అతని వెనక ఒకటో తరగతి పిల్లలు, వాళ్ల వెనక మిగిలినవాళ్లు. ఆ రోజు గిన్నెలో మెతుకు మిగల్లేదు.

నెల తిరక్కుండానే ఆపరేషన్ అయింది. సారు అవ్వకు సెలవిచ్చి, ఆమె తిరిగి వచ్చేదాకా వేరే మనిషితో సర్దుకున్నాడు. ఇంట్లో అవ్వకు చుక్కల మందు పెద్ద తంటా అయింది. చెయ్యి వణికి సగం చుక్కలు చెంప మీదే పడుతున్నాయి.

అందుకే బడి వదలగానే హేమలత అక్కడికి వెళ్తుంది. సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. అవ్వను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కింది రెప్ప మెల్లగా లాగి, ముఖం మీదికి వంగుతుంది. కన్నుకూ కన్నుకూ మధ్య జానెడు దూరం కూడా ఉండదు.

"సీసా మూతి కంటికి తగలనీకు మే," అంటుంది అవ్వ.

"తెలుసులే. నువ్వు కదలొద్దు," అంటుంది హేమలత, చుక్క సరిగ్గా పడేదాకా ఊపిరి బిగబట్టి.