పోయినవాళ్ల లెక్క

వై.ఎన్.హొసకోట బస్టాండులో పావగడ బస్సు కోసం కూర్చున్న రంగప్ప సోడా సగం తాగి, బెంచీ మీదికి ఒరిగిపోయాడు. సోడాలో సైనైడ్ కలిసింది. విదేశీ ఆరోగ్య సర్వేలో గుమాస్తాగా చేరి ఆరు నెలలుగా మన గూఢచారి శాఖకు సమాచారం పంపుతున్న మనిషి అతను. జేబులోని థర్మామీటరు గొట్టంలో ఒక చీటీ దొరికింది. "పోయినోళ్లంతా పోయినోళ్లు కాదు."

బెంగళూరు ఆఫీసులో కోడ్ నిపుణులు ఆ చీటీతో మూడు రోజులు కుస్తీ పట్టి చేతులెత్తేశారు. నాలుగో రోజు చీఫ్, ఏజెంట్ హొన్నూరప్పను పిలిచాడు. అది 1986 డిసెంబరు.

"ముఠా పేరు బ్లాక్ హస్క్. నూనెగింజల వ్యాపారం. నిడుగల్లు దగ్గర కాటమ్మపల్లిలో సర్వే చేశారు. జనాభా వెయ్యి. ఏడాదిలో 212 చావులట. కారణం వేరుశనగలో బూజు విషమట."

"వెయ్యికి 212 అంటే ప్లేగు కూడా సిగ్గుపడుతుంది సార్."

"నమ్మేవాళ్లకు డాక్టరు సంతకం చాలు. ఎల్లుండి పన్నెండింటికి పావగడ ట్రావెలర్స్ బంగళా నుంచి వైర్‌లెస్‌లో రిపోర్టు వెళ్తుంది. వెళ్లిందా, మన వేరుశనగ కాయ ఏ దేశం రేవులోనూ దిగదు."

"సంతకం ఎవరిది?"

"డాక్టర్ సెలీనా. డబుల్ ఏజెంట్. మనకు డబులో, వాళ్లకు డబులో నాకే సరిగ్గా తెలియదు."

మర్నాడు ఖాకీ చొక్కా, బొర్ర మీసంతో మలేరియా ఇన్‌స్పెక్టర్ ఒకడు కాటమ్మపల్లిలో బస్సు దిగాడు. నెత్తుటి చుక్కలు తీసే స్లైడ్ల పెట్టె అడుగున టేప్ రికార్డర్ ఉంది. బీడీ కాలుస్తున్న తిప్పేస్వామి దగ్గరికి వచ్చాడు. సర్వే కోసం ఇంటింటికీ తిరిగింది అతనే; రంగప్ప మనవైపు కుదిర్చిన మనిషి.

"కాయ ఎట్లుండాది?" అన్నాడు హొన్నూరప్ప.

"పప్పు లేదు, పొట్టే" అన్నాడు తిప్పేస్వామి. కోడ్ కుదిరింది.

ఊళ్లో మూడిళ్లకు ఒక ఇంటికి బీగం వేలాడుతోంది. పాత మలేరియా వాళ్లు గోడల మీద సుద్దతో రాసిన తేదీలు అలాగే ఉన్నాయి. ఇంత చిన్న ఊళ్లో 212 సమాధులు ఎక్కడున్నాయా అని హొన్నూరప్ప చూశాడు. కొత్త మట్టి పెద్దగా కనిపించలేదు.

"నువ్వు ఏమని అడిగినావు వీళ్లను?"

"కాగితంలో మరణాలు అనుండాది సార్. పొద్దున్నే వాకిట్లో నిలబడి ఎవురన్నా సచ్చినారా అంటే చీపురు తిరగేస్తారు. మర్యాదగా, ఎవురన్నా పోయినారా అని అడిగినా."

హొన్నూరప్ప ఒక్కసారి ఆగిపోయాడు. తనూ ఈ సీమవాడే. పదేళ్లు ఇంగ్లీషు ఫైళ్లు చదివి చదివి చెవులు మొద్దుబారాయి. రంగప్పకు మాత్రం అర్థమైంది, అందుకే చచ్చిపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మొదటి ఇల్లు ఓబమ్మది. నడవ నిండా శెనక్కాయ మూటలు. హొన్నూరప్ప పెట్టె మూత సవరిస్తున్నట్టు మీట నొక్కాడు.

"ఎంతమంది పోయినారమ్మా?"

"నలుగురు పోయినారు నాయనా."

"యాడికి?"

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"ఇద్దురు కొడుకులు, కోడలు బెంగళూరుకు కూలికి పోయినారు. బూజు మాట పుట్టినకాడ్నుంచి లారీ రాలేదు. అది వచ్చి ఈ మూటలు ఎత్తితే విత్తనానికి ఏమన్నా మిగుల్తాదని, అప్పుడు తిరిగొస్తారని చూస్తాండా."

"నాలుగో మనిషి?"

"మనవరాలప్పా. ఎనిమిది నెల్ల పిల్ల. బోరు ఎండిపోయినాక గుంత నీళ్లే గదా. భేదులు పట్టుకొని మూడు దినాలకు అది గూడా పోయినాది. దాన్ని పూడ్చిన వారానికి వాళ్లు బస్సెక్కినారు."

తిప్పేస్వామి తల వంచుకుని రిజిస్టరు పేజీ తిప్పాడు. దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరూ ప్రతి ఇంటికీ వెళ్లి, "యాడికి?" అని అడిగారు.

మర్నాడు పదకొండూ యాభై ఎనిమిదికి హొన్నూరప్ప బంగళా వెనక కిటికీలోంచి లోపలికి దూకాడు. సూట్‌కేసు వైర్‌లెస్ మీట మీద ముఠా నాయకుడు బ్రూనో వేలు ఉంది. పక్కన నల్లకళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీరలో డాక్టర్ సెలీనా. ఆమె చేతిలోని పిస్తోలు ఏజెంటు గుండెకు గురిపెట్టి ఉంది.

"కదలకండి."

"కదలను. ఒక్కటి వినండి." పెట్టె మీట నొక్కాడు. ఓబమ్మ గొంతు గదంతా పరుచుకుంది.

సెలీనాకు తెలుగు అమ్మమ్మ దగ్గర వచ్చింది. టేపు ఆగేసరికి కళ్లద్దాలు తీసేసింది.

"చనిపోయింది ఆ పిల్ల ఒక్కతేనా?"

"ఆ ఇంట్లో ఒక్కతే. ఊరంతటికీ పన్నెండుమంది. మిగతా రెండు వందలమంది బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారు."

"అంటే నా న్యూమరేటర్, ఆ చావుల అంకె, నిండా బతికున్నవాళ్లే." ఆమె బ్రూనో వైపు తిరిగింది. "రంగప్ప నాకు చెప్పబోయింది ఇదేనా?"

"లెక్కతో పనేముంది? సంతకం పెట్టావు కదా." బ్రూనో మీట నొక్కబోయాడు.

పిస్తోలు పేలింది. వైర్‌లెస్ సెట్టు ముక్కలైంది. గోడ గడియారం పన్నెండు కొట్టేసరికి బ్రూనో చేతులకు బేడీలు పడ్డాయి.

"నేను దేశాలకు అమ్ముడుపోయాను గాని, తప్పుడు లెక్కకు కాదు" అంది సెలీనా, తన మణికట్లు కూడా ముందుకు చాపుతూ.

ఆ వారమే కాటమ్మపల్లికి లారీలొచ్చాయి. ఓబమ్మ ఇంటి మూటలు కదిలాయి.

బెంగళూరులో చీఫ్ సంబరంగా ఫైలు తెరిచాడు. "క్రూడ్ డెత్ రేట్ వెయ్యికి పన్నెండు. దేశం సగటూ దాదాపు అంతే. కేసు క్లోజ్."

"ఆ పన్నెండులో తొమ్మిదిమంది ఏడాది నిండని బిడ్డలు సార్. మీరు భాగించింది ఊరు మొత్తంతో. ఆ ఏడాది పుట్టిన బిడ్డలు ముప్పైమంది. వాళ్లతో భాగించండి."

చీఫ్ కాగితం మీద భాగించాడు. పుట్టిన వెయ్యిమందికి మూడు వందలు. మళ్లీ భాగించాడు. అంతే వచ్చింది.

"దారుణం. ఇది ఏ దేశం పని హొన్నూరప్పా?"

హొన్నూరప్ప బొర్ర మీసం పీకి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో విదేశీ హస్తం లేదు సార్. అంతా మనమే."