అడ్డుపుల్ల రిపోర్టు

కింది అంతస్తులోని మైక్రోబయాలజీ ల్యాబు తలుపు ఆమె తట్టలేదు. తోసుకుని లోపలికి వెళ్ళింది. చేతిలోని కాగితాలు అతని బల్ల మీద కొట్టిన కొట్టుకి అక్కడున్న పెన్ను దొర్లి కింద పడింది.

"ఏమిటండీ ఇది?"

అతను వంగి పెన్ను తీసుకున్నాడు. కాగితాల వంక చూశాడు. "రిపోర్టండీ," అన్నాడు.

ఆ నెమ్మది చూసి ఆమెకి ఒళ్ళు భగ్గుమంది.

ఆమె పై అంతస్తులో నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తోంది. కలబంద రసాన్ని జింకు ఉప్పు కరిగించిన నీళ్ళలో పోసి కాచి, అడుగున దిగిన తెల్లటి పదార్థాన్ని కడిగి ఆరబెడితే పొడి వస్తుంది. జింక్ ఆక్సైడ్ నానో కణాలు. ఒక్కొక్కటి వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. మొండి పుండ్లలో చేరే సూక్ష్మజీవుల్ని అవి చంపుతాయని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించడం కింది ల్యాబు పని. సూక్ష్మజీవులు పరిచిన ప్లేటు మధ్యలో ఆ పొడి పెడతారు. అది పనిచేస్తే దాని చుట్టూ ఏమీ పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది.

ఏర్పడింది కూడా. పందొమ్మిది మిల్లీమీటర్లు. ఆమె ఎగిరి గంతేయాల్సిన సంఖ్య. కానీ దాని కింద అతను ఒక వాక్యం రాశాడు: 'ఈ వలయం నానో కణాల వల్లే వచ్చిందని చెప్పలేం.'

ఎందుకు చెప్పలేరని నిలదీసింది. ఒట్టి కలబంద రసానికి ఒక ప్లేటు, ఒట్టి జింకు ఉప్పుకి ఒక ప్లేటు, పొడికి ఒకటి, మూడూ పక్కపక్కన పెట్టి చూస్తేగాని ఎవరి గొప్పో తేలదని అతను చెప్పాడు. ఆమె పంపింది పొడి ఒక్కటే. వారంలో సదస్సు ఉందనీ, గైడు అక్కడ ఈ ఫలితం ప్రకటిస్తానని అందరికీ చెప్పేశారనీ ఆమె అరిచింది. సదస్సు తేదీని బట్టి సూక్ష్మజీవులు చావవని అతను అన్నాడు.

"మీరు కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషండీ."

"ఈక కనబడితే పీకక తప్పదు కదండీ. మీరొకసారి రెండో పేజీ..."

రెండో పేజీ వినడానికి ఆమె అక్కడ ఉంటేగా. కాగితాలు అక్కడే వదిలేసి, మెట్లెక్కుతూ అతనికో పేరు పెట్టింది. అడ్డుపుల్ల. సాయంత్రానికల్లా ఆ పేరు రెండంతస్తుల్లోనూ పాకింది. ఆమె వెనకాల జనం ఆమెను ఏమని పిలుస్తారో మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు. చింతనిప్పు అంటారు.

మర్నాడు గైడు దగ్గరికి వెళితే, ఆ రిపోర్టు పక్కన పడేసి వేరే ల్యాబుకి పంపమన్నారు. ఆ మాట తనకి సంతోషం కలిగించాలి. కలిగించలేదు. ఎందుకో తెలియక ఆ చిరాకు కూడా అడ్డుపుల్ల ఖాతాలోనే వేసుకుని, మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో ఉండేది తనూ నాన్నా. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు కుడికాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంటున్నాడు. షుగరు. పాదం మీద చిన్న పుండు మూడు నెలలుగా మానడం లేదు. ఆమె వచ్చీ రాగానే కింది ల్యాబు మనిషిని దుమ్మెత్తి పోయడం మొదలుపెట్టింది. అంతా విని నాన్న ముసిముసిగా నవ్వాడు.

"వాడి మొహం. నీ మందు పనిచేస్తుందమ్మా. నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

ఆయన కట్టు విప్పాడు. నాన్నకి చూపించాలని ముచ్చటపడి ఆమె నెల క్రితం తెచ్చిన పొడి సీసా కిటికీలో ఉండేది. నాలుగు రోజులుగా ఆయన అందులోంచి చిటికెడు తీసి, నూనెలో రంగరించి రాసుకుంటున్నాడు. పుండు చుట్టూ చర్మం ఎర్రగా కమిలి, పొట్టు లేచి, చెమ్మగా మెరుస్తోంది. మండుతోందంటే మందు పట్టిందన్నమాట అని ఆయన సంబరపడుతున్నాడు.

ఆమె నోటికి వచ్చినట్టు తిట్టింది. ఎవరిని అడిగి రాశావంది. చదువుకున్న కూతురు ఇంట్లో ఉండగా ఇదేం బుద్ధంది. తిడుతూనే చెప్పులు తొడిగింది, తిడుతూనే ఆటో పిలిచింది, దారి పొడుగునా తిడుతూనే ఆయన చెయ్యి వదలకుండా పట్టుకుంది. ఆ సీసా ఇంటికి తెచ్చింది ఎవరని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సీసా వెలుతురుకి పెట్టి చూసింది. "ఇందులో ఏముంది?"

"జింక్ ఆక్సైడ్."

"అదొక్కటేనా?"

అదొక్కటేనని ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. చూసుకోమన్న మనిషి బల్ల మీద కాగితాలు కొట్టి వచ్చింది. వసారాలోకి వెళ్ళి ఫోను తీసింది. అతని నంబరు నొక్కింది. గొంతులో కోపమే పలికింది.

"ఆ పొడిలో ఏముందో మీకు తెలుసా, తెలీదా?"

అది ఎవరికి తగిలింది, ఎక్కడున్నారు అని మాత్రం అతను అడిగాడు.

అరగంటలో వచ్చాడు. తెల్లకోటు విప్పడం కూడా మరిచిపోయాడు. నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి కాగితం ఇచ్చాడు. పొడి సరిగ్గా కడగలేదు, అందులో జింకు ఉప్పు చాలా మిగిలిపోయింది, పుండుకి మంట పుట్టించేది అదే, వేరే విషమేమీ కనబడలేదు అని చెప్పాడు. డాక్టరమ్మ సెలైనుతో పుండంతా కడిగి కొత్త కట్టు కట్టింది. వేళకి వచ్చారు, కాలికి భయం లేదంది.

అప్పుడు ఆమె అతన్ని వసారాలోకి లాక్కెళ్ళింది. "తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదు?"

"మీ పొడిని నీళ్ళతో కడిగి, ఆ కడిగిన నీళ్ళకి కూడా ప్లేటు పెట్టానండీ. నీళ్ళకే పదహారు మిల్లీమీటర్ల వలయం వచ్చింది. అంటే చంపింది చాలావరకు ఆ ఉప్పే. రెండో పేజీలో రాశాను. ఆ పేజీ మీరు నా మొహాన కొట్టి వెళ్ళారు." మొదటిసారి అతని గొంతు పెరిగింది. "ఒక పెద్దాయన కాలు పోయేదండీ. నిన్ననే మీ వెనక మెట్లెక్కి వచ్చి చెప్పాల్సింది. పౌరుషానికి పోయి కూర్చున్నాను."

అతనికీ కోపం వస్తుందని ఆమె అనుకోలేదు. అందులో సగం అతని మీద అతనికేనని తెలిశాక, ఆమె దగ్గర అరవడానికేమీ మిగలలేదు. గోడకి ఆనుకుని ఏడ్చింది. అతను ఓదార్చలేదు. వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి పక్కన నిలబడ్డాడు.

మర్నాడు ఆమె సదస్సులోంచి పత్రం వెనక్కి తీసుకుంది. గైడు నాలుగేళ్ళు బూడిదలో పోసిన పన్నీరయ్యాయని కేకలేశారు. తప్పుడు ఫలితంతో నిలబడలేనని ఆమె కూడా అదే స్థాయిలో చెప్పింది. చివరికి ఆయనే తగ్గి, రెండు నెలలు గడువిచ్చారు.

ఆ రెండు నెలలూ ఆమె పొడిని కడిగింది. కడిగిన నీళ్ళలో ఉప్పు జాడ లేకుండా పోయేదాకా కడిగింది. ప్రతి వారం కిందికి దిగింది, ప్రతి వారం పోట్లాడింది. ప్లేటు అంచు నుంచి కొలవాలా, మధ్య నుంచి కొలవాలా అని ఒకరోజంతా. వాన పడిన రోజున ఒకే గొడుగు కింద బస్టాపు దాకా వాదించుకుంటూ వెళ్ళి, ఎక్కాల్సిన బస్సు ఇద్దరూ వదిలేసుకున్నారు. ఈలోగా నాన్న పుండు డాక్టరమ్మ మందులతోనే మెల్లగా పూడింది.

ఆఖరి ప్లేట్లు వచ్చాయి. ఒట్టి రసానికి ఏమీ లేదు. ఒట్టి ఉప్పుకి వలయం వచ్చింది గాని, పొడిని కడిగిన నీళ్ళకి ఏమీ లేదు. పొడికి పదకొండు మిల్లీమీటర్లు. పందొమ్మిది కాదు. కానీ ఆ పదకొండూ కణాలవే. మనిషి పుండు దాకా రావాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది. అయినా దారి దొరికింది.

అతను సంతకం పెట్టి కాగితం ఇచ్చాడు. "ఇకమీదట మీ నమూనాలు నేను చూడనండీ. మా ల్యాబు పెద్ద మేడంగారికి అప్పజెప్పాను."

ఆమెకి మళ్ళీ ఒళ్ళు మండింది. పని తేలేదాకా పోట్లాడి, తేలాక వదిలించుకుంటారా అంది. తన నోటికి జడిసి పారిపోతున్నారా అంది. ఇంత పిరికివాళ్ళనుకోలేదంది.

అతను ప్లేటు మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"నమూనా పంపిన మనిషి మీద ఇష్టం ఉన్నవాడు పరీక్ష చేయకూడదండీ. ఫలితం వాళ్ళకి అనుకూలంగా రావాలని మనసు లాగుతుంది. నాకు పోయిన వారం నుంచీ లాగుతోంది. అందుకే ఈ ప్లేట్లు మేడంతో కూడా కొలిపించాను."

ఆమె చేతిలోని కాగితం బల్ల మీద పెట్టేసింది.

"పోయిన వారం నుంచా?" ఆమె గొంతు ఇంకా కోపంగానే ఉంది. "నాకు ఆసుపత్రి వసారా నుంచి. ఇన్నాళ్ళూ మీరేదో గమనిస్తారని చూస్తున్నా. మిల్లీమీటర్లు తప్ప ఏమీ కనబడవా మీకు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆదివారం ఇంటికి వచ్చి నాన్నతో మాట్లాడనా అని అడిగాడు. రండి, కానీ ఆలస్యమైతే తలుపు తియ్యనంది.

పావుగంట ముందే వచ్చాడు. నాన్న చెప్పులేసుకుని తన కాళ్ళ మీదే గుమ్మం దాకా వచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. అంతా విని, వంటింటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"మా అమ్మాయికి కోపం ఎక్కువ బాబూ. ముందే చెబుతున్నా."

"తెలుసండీ. నాకు అదే అలవాటైపోయింది."

"ఏమిటక్కడ గుసగుసలు?" వంటింట్లోంచి ఆమె గొంతు వినబడింది.

ఇద్దరూ ఒకేసారి ఏమీ లేదన్నారు. నాన్న నవ్వాపుకుంటూ కుర్చీ జరిపి, అల్లుడికి తన పక్కన చోటిచ్చాడు.