చేరింది కానీ రాలేదు

"బాబూ, రేపు సాయంత్రం మా కులపెద్దలు కూకుంటారు. ఆలోగా దొంగెవుడో తేలకపోతే మా బావమరిదిని ఏ బోటూ ఎక్కనివ్వరు. ఆడే దొంగని సెప్పింది కూడా నానే."

చేపలరేవులో బోటు ఓనరు అప్పలరాజు ఆ మాటలంటూనే కుర్చీలో కూలబడ్డాడు. ప్రైవేటు డిటెక్టివ్ గంగాధరరావు మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపాడు. అసిస్టెంటు సుధారాణి నోట్‌బుక్ తెరిచింది. అది 2009 ఎండాకాలం. జగదాంబ సెంటర్ దగ్గర, డిటెక్టివ్ ఆఫీసున్న ఆ మేడమీది గదిలో ఫ్యాను తిరుగుతోందన్న మాటే గాని గాలి లేదు.

"మొదటి నుంచి చెప్పండి."

అప్పలరాజు చెప్పినదాంట్లో తిట్లు తీసేస్తే మిగిలేది ఇది. సముద్రం అడుగున రాతిగుట్టలున్నచోట చేప గుమిగూడుతుంది. ఆ చోట్లు అతని బావమరిది, బోటు డ్రైవరు సన్యాసిరాజుకి తండ్రి నుంచి వచ్చాయి. అప్పలరాజు కూతురు మహేశ్వరి దువ్వాడలో కంప్యూటర్ చదువు చదివి ఆ గురుతులన్నిటినీ అంకెల్లోకి మార్చింది. పాతనగరంలో సిరాజ్ దుకాణంలో, ఏదో ఓడ నుంచి దిగిన టాబ్లెట్ కంప్యూటర్ ఒకటి, అది పంపింది గాల్లోంచే అందుకునే వైర్‌లెస్ పెట్టె ఒకటి కొన్నారు. టాబ్లెట్‌ని ఇంట్లో అందరూ పలక అంటారు. పలక బోటుతో వేటకి వెళుతుంది, తిరిగొచ్చాక కొత్త గురుతుల్ని ఆ పెట్టె ద్వారా, వైరు లేకుండా ఇంట్లో కంప్యూటర్‌కి పంపుతుంది. పంపాలి మరి!

"నెల్లాళ్ళయి పలకేమో చేరిందంటాది. కంప్యూటర్లో సూత్తే ఏటీ నేదు. నలుగురు మెకానిక్కుల్ని పిలిసేను. ఆళ్ళున్నంతసేపూ బుద్ధిగా పంపుతాది. ఆళ్ళెల్లగానే మళ్ళీ మొదలు! గోడకేసి కొట్టీబోతే మా అమ్మాయి అడ్డొచ్చింది."

యంత్రం మాట వినకపోవడం ఒక బాధ. మెకానిక్ ముందు మాత్రమే వినడం అంతకు పదింతల బాధ. అది పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

"ఇందులో దొంగతనం ఏముంది?" అన్నాడు గంగాధరరావు.

"మేం ఏ కొత్త చోటు రాసుకున్నా, మర్నాటికి మూడు బోట్లు మాకంటే ముందే అక్కడ గేలాలు దించతన్నాయి. ఆ చోట్లు తెలిసింది నాకూ, మా అమ్మాయికీ, సన్యాసికీ. ఇంకెవుణ్ణనమంటారు?"

"ఆ బోట్లవాళ్ళు మీకు తెలుసా?" అంది సుధారాణి.

"తెలవకేటమ్మా? ఐసు కాడ రోజూ కలుత్తాం."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ అప్పలరాజు ఇంటికి వెళ్ళారు. అరుగు చివర పక్కింటి గోడే ఆసరా. అవతల చలమయ్య ఐసు దుకాణం. చలమయ్య గోడ మీంచి తొంగిచూసి, "దొంగ దొరికాడా బాబూ? పాపం, సొంత బావమరిదే అయ్యాడు" అని నిట్టూర్చాడు. అంతలో కరెంటు పోయింది. అతను జనరేటర్ వెయ్యడానికి పరుగెత్తాడు.

"చూడండి సార్ దీని సంగతి," అంటూ మహేశ్వరి అరుగు మీదే కూర్చుని పలక మీద పుల్లతో నొక్కింది. "చేరిందట! ఎక్కడికి చేరింది? నాకు ఏడుపొస్తోంది సార్."

"ఎప్పుడూ ఇక్కడే కూర్చుని పంపుతావా అమ్మా?"

లోపలి నుంచి ఆమె తల్లి గురువమ్మ జవాబిచ్చింది. "సేపల కంపు కొట్టేదాన్ని కంప్యూటర్ గదిలోకి ఎలాగ రానిత్తాం బాబూ? ఆ గదిలోకి మేవే కాళ్ళు కడుక్కుని ఎల్తాం."

"మెకానిక్కులు వచ్చినప్పుడు?"

"ఆళ్ళు లోపలే కూకుంటారు. అందుకని డెట్టాలేసి తుడిసి ఇచ్చేదాన్ని."

గంగాధరరావు మొహంలో చిరాకు మొదటిసారి తగ్గింది. సుధారాణి అది గమనించింది గాని ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

సన్యాసిరాజు రేవులో ఒంటరిగా గేలాలు సరిచేసుకుంటున్నాడు.

"ఆ చోట్లు ఎవరికైనా చెప్పారా?"

"మా నాన్న సచ్చిపోయే ముందర నాకు సెప్పేడు. నా కొడుక్కే నానింకా సెప్పనేదు," అని తల దించుకున్నాడు.

మర్నాడు సుధారాణి సిరాజ్ దుకాణం నుంచి కబురు తెచ్చింది. అలాంటి వైర్‌లెస్ పెట్టెలు అతను రెండమ్మాడు, రెండూ ఒకే వీధికి.

సాయంత్రం పెద్దలు అరుగు కింద బెంచీల మీద కూర్చున్నారు. వీధి వీధంతా వచ్చింది. సన్యాసిరాజు ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహేశ్వరీ, మెయిన్ స్విచ్ తీసెయ్యి," అన్నాడు గంగాధరరావు. ఇంట్లో ఫ్యాన్లు ఆగాయి. "ఇప్పుడు నేను రాసిచ్చింది పంపు."

"చేరిందంటోంది సార్!"

"మీ కంప్యూటర్ ఆరిపోయింది. మీ పెట్టె ఆరిపోయింది. మరి ఎక్కడికి చేరింది? నిన్న కరెంటు లేనప్పుడూ ఇలాగే చేరింది. పలక పాడవలేదు. అరుగు మీద దానికి దగ్గరగా ఇంకో పెట్టె ఉంది. దానికీ, ఆ వెనకున్న కంప్యూటర్‌కీ మీ పేర్లూ, మీ పాస్‌వర్డే పెట్టారు. లోపల కూర్చుంటే మీ పెట్టె దగ్గర, అందుకే మెకానిక్కుల ముందు పనిచేసింది."

"పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదే!"

"క్యాలెండరు మీద రాసి తలుపు వెనక వేలాడదీశావు. మీ ఇంట్లో టీ తాగే ఎవరికైనా కనిపిస్తుంది. సుధా, ఐసు దుకాణంలో కంప్యూటర్ చూసిరా."

సుధారాణి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. "ఉంది సార్. 'చలమయ్యగారికి నమస్కారం' అని ఉంది."

"ఆ మూడు బోట్లూ ఐసు ఎత్తేది ఈయన దగ్గరే," అన్నాడు గంగాధరరావు.

జనంలో ఉన్న చలమయ్య గోడకి జారగిలబడ్డాడు. "కొత్త ఐసు ఫ్యాక్టరీ పెట్టినకాడి నుంచి బోట్లన్నీ అటే పోతన్నాయి బాబూ. ఆ చోట్లు చెప్తే ఉన్న మూడైనా ఉంటాయని..."

ఇక మీద చలమయ్య దగ్గర ఎవరూ ఐసు ఎత్తకూడదని పెద్దలు తీర్మానించారు. సన్యాసిరాజు మీద ఏ మచ్చా లేదన్నారు. అప్పలరాజు గబగబా అరుగు దిగాడు.

"ఒరే సన్యాసీ, తెల్లారి వేటకెల్దారి రా."

"ఎల్తాను బావా. నీ బోటు మీద కాదు."

"తప్పయిపోనాదిరా!"

"నెల్లాళ్ళు నలుగురు మెకానిక్కుల్ని పిలిసి ఆ పలకని అడిగించేవు. 'సెప్పేవేటిరా సన్యాసీ' అని నన్నొక్కసారి అడిగేవా?"

తమ్ముడా అంటూ గురువమ్మ ఏడుస్తోంది. కేసు గెలిచిన ఆనందం సుధారాణికి అక్కడే ఆవిరైపోయింది. సన్యాసిరాజు జనాన్ని తప్పించుకుని రేవు వైపు నడిచాడు. "బావా, ఆగు బావా!" అంటూ, వరసలు కూడా తలకిందులై, అప్పలరాజు వెనక పరుగెత్తాడు.

సన్యాసిరాజు ఆగలేదు.