మొదటి రోజు కొలత

కాలేజీలో కొత్తగా చేరిన గౌరీశ్వరి తలకి మెషీను పట్టీ బిగించి, ఫిజిక్స్ లెక్చరర్ భానోజీరావు గారు స్క్రీన్ వంక చూశారు. నంబరు సున్నా దగ్గరే ఆగిపోయింది. ఆయన లోలోపల సంతోషించారు.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ మెషీన్ సంగతి చెప్పాలి. ప్రశ్న వినగానే, జవాబు తెలిసిన మెదడులో కొన్ని కణాలు చురుకవుతాయి. పట్టీ ఆ చురుకుదనాన్ని కొలుస్తుంది. కాలేజీలో చేరిన రోజు ఒకసారి, ఏడాది చివర ఇంకోసారి. రెండింటికీ మధ్య తేడా ఎంతో, కాలేజీ నేర్పిన చదువు అంత. పరీక్షలు ఎత్తేసి, ఇప్పుడు కాలేజీలకి గ్రేడ్లు ఆ తేడాని బట్టే ఇస్తున్నారు.

క్రితం ఏడు పిల్లలు సగం తెలిసే వచ్చారు, తేడా రాలేదు. ఇంకోసారి ఇలాగే అయితే కాలేజీ మూతపడుతుంది. లెక్చరర్లూ ఆఫీసు స్టాఫూ కలిసి మీటింగు పెట్టుకున్నారు.

"రెండో నంబరు పెంచలేకపోతే మొదటిది తగ్గించండి," అన్నారు సూపరింటెండెంట్ అప్పలనర్సమ్మ గారు, టీ తాగుతూ. "చేరిన రోజే పిల్లల్ని హడలగొడితే సరి."

మెషీన్ కనిపెట్టిన డాక్టర్ మేరీ సుజాతకి ఫోన్ చేసి అడిగారు. "భయమూ, తెలియకపోవడమూ దానికి ఒకేలా కనిపిస్తాయి. దయచేసి ఆ పని చెయ్యకండి," అందావిడ. వీళ్ళకి కావలసింది మొదటి ముక్కే. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

"మెషీను అబద్ధం చెప్పదు. సున్నా వచ్చినవాళ్ళు ఫిజిక్స్‌కి పనికిరారు," అని పిల్లలు చేరిన రోజు ఉదయం గది దద్దరిల్లేలా అరిచారు భానోజీరావు గారు. గౌరీశ్వరి ఫిజిక్స్ కోసమే ఈ కాలేజీకి వచ్చింది. కాస్సేపటి ముందే వరండాలో పక్కపిల్లకి ఆ పట్టీ ఎలా పనిచేస్తుందో విడమర్చి చెప్పింది. ఆయన విన్నారు కూడా.

ఏడాది తిరిగింది. బెరుకు పోయిన పిల్లల నంబర్లు ఎగబాకాయి. కాలేజీకి మొదటి గ్రేడు వచ్చింది. గౌరీశ్వరిది మాత్రం కదల్లేదు. "ఒక్క పిల్లే కదండీ, సగటులో కలిసిపోద్ది," అన్నారు అప్పలనర్సమ్మ గారు, స్వీట్లు పంచుతూ.

భానోజీరావు గారికి స్వీటు మింగుడుపడలేదు. గౌరీశ్వరి హిస్టరీకి మారిపోతోందని విని, ఆమెని ల్యాబ్‌కి పిలిచారు.

"ఆ సున్నా తప్పమ్మా. కాలేజీ కోసం మేమే కావాలని మిమ్మల్ని భయపెట్టాం. నీకు ఫిజిక్స్ వచ్చు."

"మీరు మంచోరు మాస్టారూ. నన్ను ఓదార్చడానికి అంటన్నారు. మెషీను అబద్ధం చెప్పదని మీరే కదండీ చెప్పారు."

"అయితే మళ్ళీ చూద్దాం. ఈసారి అరవను."

పట్టీ చూడగానే ఆమె ఒకడుగు వెనక్కి వేసి, ఆ తర్వాతే కూర్చుంది. ఆయన చాలా మెల్లగా, చాలా తేలికైన ప్రశ్న అడిగారు. ఇద్దరూ స్క్రీన్ వైపు తిరిగారు. సున్నా.

"చూశారా మాస్టారూ," అంది గౌరీశ్వరి, ఆయన్నే ఓదారుస్తున్నట్టు. పట్టీ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.