జ్ఞానదంతం ఇచ్చిన అబ్బాయి

లంచ్ బాక్సు కోసం ల్యాబ్ ఫ్రిజ్ తెరిచిన అబ్బాయి గావుకేక పెట్టాడు. బాక్సు పక్కనే ఒక గాజు సీసా. సీసా నిండా నీళ్లు. నీళ్ల నిండా పళ్లు.

"అరవకండి, అవి కరవవు" అంది వెనకనుంచి ఒకమ్మాయి.

"ఎవరివండీ ఇవి?"

"నావి."

అతను అప్రయత్నంగా ఆమె నోటి వంక చూశాడు. పళ్లన్నీ ఉన్నాయి. నవ్వు ఆపుకోలేక కింది పెదవిని నొక్కి పట్టుకుని ఉన్నాయి.

"అసలు ల్యాబ్ ఫ్రిజ్‌లో అన్నం పెట్టడమేంటి?" అని ఆమే ఎదురు దబాయించింది.

ఆమె డెంటల్ కాలేజీలో పీజీ చేస్తోంది. అప్పుడే పుచ్చడం మొదలైన పంటిని డ్రిల్లు పెట్టి తొలవకుండా, పైన పేస్టు రాసి మళ్లీ గట్టిపరచవచ్చా అన్నది ఆమె పరిశోధన. పంటి గట్టిదనం కొలవాలంటే ముందు దాని పైపొరను అద్దంలా చదును చేయాలి. ఆ మిషను పక్క భవనంలోని ఈ మెటీరియల్స్ ల్యాబ్‌లోనే ఉంది. ఇక్కడ అతను లోహాల మీద పరిశోధన చేస్తున్నాడు. పొద్దస్తమానం ఏదో ఒకటి అరగదీస్తూ కనిపిస్తాడని స్నేహితులు అతనికి 'సానరాయి' అని పేరు పెట్టారు.

ఆమె ఒక పంటి ముక్కను ప్లాస్టిక్‌లాంటి రెసిన్ బిళ్లలో బిగించి, గిర్రున తిరుగుతున్న గరుకు కాగితం మీద అదిమింది. తీసి చూస్తే తెల్లటి ఎనామిల్ మాయమై, కింది పసుపు పొర బయటపడింది. ఇంకో ముక్క తీసింది. అదీ అంతే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సానరాయి మెల్లగా దగ్గరికొచ్చాడు. "పాపం, దాని మీద అంత కోపమేంటండీ?"

"కోపం కాదు, కంగారు. రోగులు నమ్మి ఇచ్చిన పళ్లివి. ఇలా పాడుచేస్తే ఎలా?"

"చెయ్యి బరువు వెయ్యకండి, ఊరికే ఆనించండి. నీళ్లు ధారగా పడనివ్వండి. ఈ కాగితం పెట్టిన గీతలన్నీ పోయాకే మెత్తటి కాగితం మీదికి వెళ్దాం. మధ్యలో కడగాలి. పాత రేణువు ఒక్కటి మిగిలినా మళ్లీ గీత పెడుతుంది."

"ఇనుముకి కూడా ఇంతేనా?"

"ఇనుముని ఇంతగా బతిమాలక్కర్లేదు."

ఆమె నవ్వేసింది. చివర్లో మెత్తటి గుడ్డ మీద మెరుగుపెట్టే పేస్టు వేసి రుద్దాక, ముక్కను దీపం కిందకి వంచి చూసి చిన్నపిల్లలా గెంతింది. "ట్యూబ్‌లైట్ కనిపిస్తోంది! థాంక్సండీ, థాంక్స్!"

సానరాయికి కూడా ఏదో వెలుగు కనిపించింది. అయితే అది ట్యూబ్‌లైటుది కాదు.

ఆ తర్వాత రోజూ కలిసే పనిచేశారు. కలిసే క్యాంటీనుకి వెళ్లారు.

"మీరెందుకు ఒకవైపే నములుతారు?" అని అడిగిందామె ఒకరోజు.

అతను తడబడ్డాడు. చాన్నాళ్లుగా కుడివైపు పన్ను సలుపుతోంది. ఇంట్లోవాళ్లు కూడా కనిపెట్టని సంగతి ఈమె కనిపెట్టిందని మురిసిపోతుండగానే ఆమె ఫోన్ మోగింది.

"ఆ బావా! నువ్వు లేకపోతే నా గతేం కాను బావా! సాయంత్రం వచ్చి తీసుకెళ్లు మరి!"

సానరాయి చేతిలో చెంచా ఆగిపోయింది. బావ ఉన్నాడా! ఇంకేముంది, అంతా అయిపోయినట్టే.

మర్నాటి నుంచి అతని నోట 'ఊ', 'ఆ' తప్ప మాట లేదు.

"నొప్పిగా ఉందా?" అందామె.

"ఆ."

"ఎక్కడ?"

"చెప్పుకునే చోట కాదు."

ఆమె ఊరుకోలేదు. టార్చి వేసి నోరు చూసింది. జ్ఞానదంతం అడ్డంగా మొలుస్తోంది, చిగురు వాచిపోయింది. "ఇలాగే వదిలేస్తే పక్క పన్ను కూడా పోతుంది. పదండి, తీయించేద్దాం."

"తీయిస్తే మీ పనికొస్తుందా? మీకు పళ్లు తక్కువయ్యాయన్నారుగా."

"నా పని తర్వాత. ముందు మీ నొప్పి పోనివ్వండి."

ఆమె ఎవరిదైతేనేం, ఇలా అడిగే మనిషి ఎదురైనందుకైనా రుణపడి ఉంటాననుకుని తలూపాడు.

ఆసుపత్రి కుర్చీలో వెనక్కి వాలగానే మాస్కు పెట్టుకున్న సర్జన్ వచ్చాడు.

"బావా, ఈయనే" అందామె.

సానరాయి దిగ్గున లేచాడు. "నేను రేపొస్తానండీ!"

"కూర్చోవయ్యా!" అన్నాడు సర్జన్. "రోజూ నీ గురించి చెప్పి మా మరదలు నా చెవులూ, మా ఆవిడ చెవులూ చిల్లులు పొడుస్తోంది."

"మీ... ఆవిడా?"

"అదే, వీళ్ల అక్క."

సానరాయి వెనక్కి వాలిపోయి, ఎవరూ అడగకముందే నోరంతా తెరిచేశాడు. ఇంజెక్షన్ ఎప్పుడిచ్చారో, పన్ను ఎప్పుడు ఊడిందో అతనికి పట్టనే లేదు.

బయట వర్షం పట్టుకుంది. వరండాలో బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అతని నోట్లో దూది ఉంది.

"బావనగానే అలా అనేసుకున్నారా?" అందామె.

అతను సిగ్గుపడుతూ తలూపాడు.

"అడగొచ్చుగా!"

జల్లు లోపలికి కొడుతోంటే ఆమె ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"సరే, నేనే చెప్తా. మీరంటే నాకు ఇష్టం. మీకూ..."

ఆమె మాట పూర్తికాకముందే అతని తల ఆగకుండా ఊగడం మొదలుపెట్టింది. నోరు విప్పబోయి దూది గుర్తొచ్చి మూసుకున్నాడు.

వెనకనుంచి సర్జన్ గొంతు వినిపించింది. "మాట్లాడొద్దన్నాను గానీ, ఒప్పుకోవద్దనలేదు!"

నెలలు గడిచాయి. ఆ జ్ఞానదంతమూ మిగతావాటితోపాటే అద్దంలా మెరిసి పరీక్షకి నిలబడింది. పేస్టు రాసిన పళ్లు గట్టిపడ్డాయి. పరిశోధన ఫలితాలు వినిపించిన రోజు ఆమె చివర్లో, "తమ పళ్లిచ్చిన వాళ్లందరికీ, చెయ్యి తేలిక చేసుకోవడం నేర్పిన ఒకరికీ నమస్కారం" అంది. వెనక వరుసలో సానరాయి కళ్లు తుడుచుకున్నాడు.

పక్క కుర్చీలో ఉన్న ఆమె నాన్నగారు అతన్ని ఎగాదిగా చూశారు.

"మా అమ్మాయికి పన్ను ఇచ్చింది నువ్వేనా?"

"అవునండీ."

"బాగా నొప్పి పెట్టిందా బాబూ?"

"ఇవ్వకముందు పెట్టేదండీ."

ఆయన ఫక్కున నవ్వి, అతని భుజం మీద చెయ్యేశారు.

"ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని మా ఇంటికి రా" అన్నారు.