బుధవారం చావుకబురు

ఢాం!

సుమో వెనక అద్దం భళ్లున పగిలింది.

"తల దించక్కా!" పక్క సీట్లోంచి హ్రేంగా అరిచాడు.

తల దించితే రోడ్డెవరు చూస్తారు? పారి దించలేదు. స్టీరింగ్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంది. తెల్లారి అరగంటయింది గానీ మబ్బు కొండ మీదికి దిగిపోయి, పది అడుగుల అవతల ఏమీ కనబడడం లేదు. ఎడమ పక్క కొండ. కుడి పక్క లోయ. లోయ అడుగున కలదాన్ నది హోరు.

వెనక నల్ల జీపు. దాని లైట్లు దగ్గరవుతున్నాయి...

"బాబాయ్! బతికే ఉన్నారా?" పారి అరిచింది.

"ఉన్నాను తల్లీ." వెనక సీటు కింద నుంచి నింపాదిగా జవాబు. "నువ్వు ఇలాగే నడిపితే మాత్రం చెప్పలేను!"

కమలధన్ చక్మా. అరవై నాలుగేళ్లు. నది ఒడ్డు చక్మా ఊళ్ల తరఫున జిల్లా కౌన్సిల్లో మెంబరు. తొమ్మిదేళ్లుగా ఆయన ఎక్కడికి వెళ్లాలన్నా పారి బండే. పారి లాయ్ తెగ పిల్ల, ఆయన చక్మా. ఆమె చర్చికి పోతుంది, ఆయన బుద్ధుడికి దణ్ణం పెడతాడు. అయినా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

ఇవాళ పదకొండు గంటలకి కౌన్సిల్లో ఓటు. నది ఒడ్డున ఉన్న తొమ్మిది ఊళ్ల భూమిని క్వారీ కంపెనీకి అరవై ఏళ్ల లీజుకి రాసివ్వాలా, వద్దా? అటు పదకొండు చేతులు, ఇటు పదకొండు. ఇరవైమూడో చెయ్యి ఈయనది. ఈయన రాకపోతే సమానం, అప్పుడు లీజు కావాలంటున్న కౌన్సిల్ చీఫ్ మాటే చెల్లుతుంది.

అందుకే నాలుగు రోజులుగా ఆయన్ని కొండ మీద పారి వాళ్ల పోడు గుడిసెలో దాచారు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు పారి. రెండోవాడు హ్రేంగా. ఆయన బాడీగార్డు. పారి సొంత పిన్ని కొడుకు.

మరి ఈ జీపుకి ఎలా తెలిసింది?

ఆలోచించే టైం లేదు! మలుపు దాటగానే అడవిలోకి కట్టెలు లాగే బాట. పారి లైట్లు ఆర్పేసి బండిని అందులోకి తోసింది. వెదురు కొమ్మలు టపటపా కొట్టుకున్నాయి. బ్రేకు!

జీపు రోడ్డు మీద దూసుకుపోయింది. శబ్దం దూరమయింది.

ముగ్గురికీ ఊపిరి వచ్చింది.

"కిందికి వెళ్లే దారిలో ప్రతి ఊరికీ గేటు పెట్టారక్కా," హ్రేంగా నుదురు తుడుచుకున్నాడు. "చీఫ్ మనుషులు బండి బండీ వెతుకుతున్నారు. రేవు దాకా ఏడు గేట్లు."

"అయితే ఎలా రా?"

హ్రేంగా కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"చావుకబురు మోసేవాళ్లని ఎవరూ ఆపరు."

 నిజమే. ఈ కొండల్లో ఎవరు పోయినా ఆ కబురు పట్టుకుని ఊరూరికీ ఇద్దరు బయల్దేరతారు. ఒక్కరు కాదు, ఇద్దరే. వాళ్లకి గేటు లేదు, తనిఖీ లేదు. దారిలో ఏ ఊరైనా టీ ఇచ్చి పంపాల్సిందే. వాళ్లని ఆపినవాడి ఇంటి మీద ఊరు ఊరంతా ఉమ్మేస్తుంది.

"ఎవరు చచ్చారని చెప్తాం?"

"ఎవరి పేరో చెప్తే ఏ వంశం, ఎవరి కొడుకు అని అడుగుతారు. అందరికీ తెలిసినవాళ్ల పేరు చెప్తే అడిగేదేం ఉండదు." హ్రేంగా వెనక్కి చూశాడు. "బాబాయ్ పేరే చెబుదాం. మెదడు జ్వరం వచ్చి రాత్రి పోయారని. చచ్చినవాణ్ణి ఎవడూ వెతకడు కదా!"

"ఛీ! నోరు కడుక్కో!"

కమలధన్ మాత్రం నవ్వాడు. "మంచి ఉపాయమే పిల్లా. పదకొండు దాకా చచ్చి ఉంటాను, తర్వాత లేస్తాను."

ఆయన్ని సుమో వెనక ఉన్న అల్లం బస్తాల మధ్య పడుకోబెట్టి పైన ఇంకో రెండు కప్పారు.

మొదటి గేటు.

రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు. ఇనప చువ్వ పట్టుకుని ఒకడు ముందుకొచ్చాడు.

"ఆపు! ఏంటీ బస్తాలు? అద్దం ఏమైంది?"

"కొండ రాయి పడింది." పారి కిటికీలోంచి తల బయటపెట్టింది. "చావుకబురు తెచ్చాం అన్నా. కమలధన్ మెంబరు గారు పోయారు."

వాడు బిత్తరపోయాడు. "ఎవరూ? ఆ చక్మా ముసలాయనా?"

"రాత్రి. జ్వరంతో."

వాడి కళ్లు బస్తాల మీదే ఉన్నాయి. చువ్వ ఎత్తాడు. అల్లంలో కసుక్కున గుచ్చబోయాడు...

"ఒరేయ్!" గేటు పక్క గుడిసెలోంచి ముసలి పెద్ద ఒకాయన కర్ర ఆడిస్తూ వచ్చాడు. "చావుకబురు బండిని పొడుస్తావా? నీ అమ్మ పోయినప్పుడు కబురు మోసినవాళ్లని ఇలాగే పొడిచారా? సిగ్గులేదూ!"

చువ్వ దిగింది. వాడు టోపీ తీసేశాడు.

"నీతో మొగవాడు ఉన్నాడు కాబట్టి సరే. ఆడది కబురు మోయడం నేనెక్కడా చూడలేదమ్మా," అని ముసలాయన టీ గ్లాసు అందించాడు. "శవం ఎక్కడుంది? మా ఊరంతా కదిలి వస్తాం."

పారి తాగబోయిన గ్లాసు దించింది. ఇది అనుకోలేదు! ఊరంతా వస్తే?

హ్రేంగా వెంటనే అందుకున్నాడు. "శ్రమ పడకండి తాతా. వాళ్ల పద్ధతిలో దహనం అయిపోయింది. తెల్లవారుజామునే, వాగు ఒడ్డున. బూడిద తప్ప ఏమీ లేదు."

"అంత తొందరగానా?"

"జ్వరం అంటుకునే రకం."

ముసలాయన తలూపాడు. బొంగు లేచింది.

బండి మలుపు తిరుగుతుంటే వెనక ఊరి మైకు గరగరలాడింది. "ఊరి ప్రజలకి మనవి. మన కౌన్సిల్ మెంబరు కమలధన్ చక్మా గారు కన్నుమూశారు. పొలాలకి వెళ్లినవాళ్లు పనులాపి రండి..."

 బతికున్న మనిషి చావు మైకులో వినబడుతోంది, చెప్పింది తనే!

"విన్నారా బాబాయ్? మీ పేరు ఎంత బాగా పలికారో!" అంది, భయం పోగొట్టుకోడానికి.

బస్తాల్లోంచి నవ్వు రాలేదు. చాలాసేపటికి ఒకటే ప్రశ్న వచ్చింది.

"పారీ, ఇవాళ ఏ వారం?"

"బుధవారం. ఓటు బుధవారమే కదా బాబాయ్. మర్చిపోయారా?"

"ఊఁ."

అంతే. తర్వాత ఆయన నోరు విప్పలేదు. నోరు మూసుకున్న కమలధన్‌ని పారి ఈ తొమ్మిదేళ్లలో చూడలేదు. ఊపిరాడక కాబోలు అనుకుంది.

రెండో గేటు. మూడు. నాలుగు...

ప్రతిచోటా అదే మాట. ప్రతిచోటా టోపీలు దిగాయి, టీ వచ్చింది, బొంగు లేచింది. ప్రతిచోటా హ్రేంగా దహనం సంగతి మర్చిపోకుండా చెప్పాడు. వెనక మైకులు ఒకదాని తర్వాత ఒకటి మోగుతున్నాయి. కొండ కొండంతా ఆయన చావే పలుకుతోంది.

ఏడో గేటు దాటేసరికి తొమ్మిదింబావు.

రేవు.

అవతలి ఒడ్డున కొండ మీదే కౌన్సిల్ భవనం. నది మీద మంచు తెర. రేవులో చక్మా ముసలాడు ఫూల్‌చాన్ ఒక్కడే పడవలో నీళ్లు తోడిపోస్తున్నాడు. కమలధన్, ఫూల్‌చాన్ చిన్నప్పుడు ఒకే గేదె వీపు మీద ఊరేగినవాళ్లు.

ఈయనకైనా నిజం చెప్పేద్దాం అనుకుంది పారి. హ్రేంగా ఆమె మోచెయ్యి నొక్కాడు. "ఇక్కడా చీఫ్ చెవులుంటాయక్కా." తనే ముందుకెళ్లాడు.

"తాతా, చావుకబురు. కమలధన్ మెంబరు గారు రాత్రి పోయారు."

ఫూల్‌చాన్ చేతిలో డబ్బా ఆగిపోయింది.

"శవం?"

"దహనం అయిపోయింది."

"ఎప్పుడు?"

"ఇవాళ తెల్లవారుజామున."

"ఇవాళా?"

"ఇవాళే తాతా."

ముసలాడు ఏడవలేదు. హ్రేంగా వైపు చూడలేదు. పారి మొహంలోకి మాత్రం చాలాసేపు చూశాడు. ఆ చూపుకి ఆమె తల దించేసుకుంది.

"నువ్వు ఊళ్లోకి వెళ్లి చెప్పు తాతా," అన్నాడు హ్రేంగా. "పడవ మేం నడుపుకుంటాం."

ఫూల్‌చాన్ తలపాగా తీసి భుజాన వేసుకుని, మారుమాట లేకుండా గట్టెక్కి మంచులో కలిసిపోయాడు.

"త్వరగా!"

బస్తాలు దొర్లించారు. కమలధన్ అల్లం మట్టి దులుపుకుంటూ లేచాడు. ముగ్గురూ పడవెక్కారు. హ్రేంగా ఇంజిను స్టార్ట్ చేశాడు. రేవు కనుమరుగైంది.

ఇంకో పావుగంట. చేరిపోయినట్టే! పారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఉన్నట్టుండి పడవ పక్కకి తిరిగింది.

"అటెక్కడికి రా? రేవు ఇటు!"

 పడవ నది మధ్యలో ఉన్న ఇసుక దిబ్బకి కొట్టుకుని ఆగింది. ఇంజిను ఆగింది.

హ్రేంగా చేతిలో పిస్తోలు.

"దిగండి బాబాయ్."

పారికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మకం కలగలేదు.

"హ్రేంగా... ఏం చేస్తున్నావ్ రా?"

"ఏడు ఊళ్లు అక్కా." వాడి గొంతు ప్రశాంతంగా ఉంది. అదే భయంకరంగా ఉంది. "ఏడు ఊళ్ల మైకులు ఈయన చచ్చాడని చెప్పాయి. చచ్చినవాణ్ణి చంపితే ఏ పోలీసు పట్టుకుంటాడు? బూడిదైపోయిన శవాన్ని ఎవడు వెతుకుతాడు? నదిలో తోసేస్తే సరి."

"ఆ జీపు..."

"జీపులోవాడు గురి తప్పలేదు. నేను కొట్టమన్న అద్దమే కొట్టాడు."

తన నోటితోనే! ఏడుసార్లు తన నోటితోనే ఆయన్ని చంపింది!

"ఎందుకు రా? ఆయన నిన్నేం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. అదే బాధ! ఆరేళ్లు ఈయన వెనక తిరిగాను. ఇంకా టెంపరరీనే. చీఫ్ రేపే పర్మనెంటు చేస్తానన్నాడు." పిస్తోలు ఊపాడు. "నువ్వు వెళ్లిపో అక్కా. చెప్పిందే చెప్పు చాలు. మాట మారిస్తే అబద్ధాలకోరువి నువ్వే."

కమలధన్ ఇసుక మీదికి దిగాడు, వెనకే హ్రేంగా. పారి కూడా దూకి ఆయన ముందుకొచ్చి నిలబడింది. 

"అయితే నన్నూ కొట్టు. ఇద్దరి చావుకబురు నువ్వే మొయ్యి. మా అమ్మ దగ్గరికి నువ్వే వెళ్లి చెప్పు!"

హ్రేంగా కళ్లు తిప్పుకున్నాడు. చెయ్యి కొంచెం దిగింది. మళ్లీ లేచింది.

"తప్పుకో అక్కా!"

"ఒక్క నిమిషం నాయనా." కమలధన్ జేబులోంచి తమలపాకుల పొట్లం తీశాడు. "పొద్దుట్నుంచీ అల్లం వాసన పీల్చి పీల్చి నోరు చెడింది. ఒక్క కిళ్లీ వేసుకోనీ."

ఆకుకి సున్నం రాశాడు. తొడిమ తుంచాడు. వక్క పెట్టాడు. ఇంత నెమ్మదిగా కిళ్లీ కట్టే మనిషిని పారి ఎక్కడా చూడలేదు.

"చాలు!" హ్రేంగా అరిచాడు. పారిని భుజం పట్టి పక్కకి తోసేశాడు. పిస్తోలు ముసలాయన గుండెకి ఎదురుగా నిలిచింది.

ఢాం!

పారి కళ్లు మూసుకుంది.

నిశ్శబ్దం... నీళ్ల చప్పుడు.

కళ్లు తెరిచింది. కమలధన్ నిలబడే ఉన్నాడు. దవడ ఆడుతోంది. కిళ్లీ నములుతున్నాడు!

హ్రేంగా మోకాళ్ల మీద కూలాడు. ఛాతీలో నల్లగా చిల్లు. ఏదో అనబోయాడు. "అక్కా" అన్నట్టుంది. ఇసుక మీద బోర్లా పడ్డాడు.

మంచులోంచి చిన్న దోనె ఒకటి చప్పుడు లేకుండా జారి వచ్చింది. అందులో ఫూల్‌చాన్. చేతిలో అడవిపందుల్ని కొట్టే నాటు తుపాకీ ఇంకా పొగలు కక్కుతోంది.

"ఇవాళ బుధవారం," అన్నాడు ముసలాడు. "ఆకాశం విరిగి పడ్డా బుధవారం మా చక్మావాళ్లం శవదహనం చెయ్యం. గురువారం దాకా ఉంచుతాం. మరి ఈ పిల్లోడు ఎవర్ని దహనం చేశాడా అని చూద్దామని వచ్చాను."

"నాకు మొదటి గేటు దగ్గరే తెలిసింది," అన్నాడు కమలధన్. "చావు ఒక్కటి చాలుగా, బూడిద కూడా ఎందుకు అనుకున్నాను. వాడు నీ పక్కనే పిస్తోలుతో కూర్చున్నాడు తల్లీ. ఎలా చెప్పను?"

పారి వినడం లేదు. హ్రేంగా తల ఒళ్లోకి తీసుకుంది. ఇసుక అంటిన వాడి బుగ్గ తుడిచింది. పిన్ని ఇద్దరికీ ఒకే పళ్లెంలో అన్నం పెట్టేది. ఈ కబురు పిన్నికి ఎవరు చెప్తారు? ఏ మొహంతో చెప్తారు?

అవతలి కొండ మీద కౌన్సిల్ మైకు మోగింది. పదకొండు గంటలకి సభ మొదలవగానే స్వర్గీయ కమలధన్ చక్మా గారికి సంతాపంగా రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆ తర్వాత ఓటింగు...

కమలధన్ తన పై కండువా తీసి హ్రేంగా మొహం మీద కప్పాడు. పారి చెయ్యి పట్టుకుని లేపాడు.

"ముందు నన్ను అక్కడికి చేర్చు. చెయ్యెత్తి వస్తాను. తర్వాత మీ పిన్ని ఇంటికి."

పారి ఆయన వైపు చూసింది.

"మీరా బాబాయ్? మిమ్మల్ని చంపబోయాడు!"

"అవును తల్లీ," అన్నాడు ఆయన పడవెక్కుతూ. "కానీ చావుకబురు ఒక్కరు మోయకూడదు కదా."