కువైటు గోడమీద ఫోటో

"ఫోటోలో ఇట్టా లేవే నువ్వు!"

మూడేళ్ల తర్వాత కువైటు నుంచి వచ్చిన మాల్యాద్రి, సూట్‌కేసు దించీ దించకముందే భార్యతో అన్న మొదటి మాట అది! కాళ్లకు నీళ్లివ్వడానికి చెంబుతో ఎదురొచ్చిన చెంచులక్ష్మి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఉదయగిరిలో ఆ వీధి ఆడవాళ్లంతా చూస్తున్నారు... గబగబా కొంగుతో చెంపలు కప్పుకుంది.

ఆ చెంపలు పాడవడానికి కారణం అతని ఉత్తరమే! "మా రూములో అందరి పెండ్లాల ఫోటోలూ గోడకుండాయి. నీది మాత్రం పెట్టెలో దాచినాను. కొంచెం తెల్లగా పడింది పంపు" అని రాశాడు, తొంభై నాలుగులో. అది చదివిన రోజు ఆమె అన్నం ముట్టలేదు. మర్నాడు అత్త ఆదిశేషమ్మే ఎదురింటివాళ్ల నెక్లెసు అడిగి తెచ్చి, కోడలి మెడలో వేసి, ఆత్మకూరు బస్సెక్కించింది. స్టూడియో అతను మొహాన పౌడరు దట్టించి, ఫోటో మీద బ్రష్షుతో రంగు దిద్ది ఇస్తే, అందులో ఉన్నది ఎవరో చెంచులక్ష్మికే తెలియలేదు!

మాల్యాద్రి మురిసిపోయి దాన్ని గోడకెక్కించాడు. ఊరికొచ్చేవాళ్లతో ఒక క్రీము డబ్బా కూడా పంపాడు.

ఆయన వచ్చేలోగా ఆ ఫోటోలా అయిపోవాలి... అదే ధ్యాస! పూటపూటా పూసింది. మొదట తెల్లబడింది. తర్వాత మంట, ఆపైన నల్లటి మచ్చలు... ఏడుస్తూ కూడా పూయడం మానలేదు పిచ్చితల్లి!

వారమైనా అతను భార్య మొహంలోకి చూడలేదు. పైగా, "మా రూమోళ్లకు తెలిస్తే నవ్వరా? ఆత్మకూరు పోయి ఇంకో ఫోటో దిగిరా" అన్నాడు.

ఆదిశేషమ్మ చేతిలోని చేట విసిరికొట్టింది.

"నువ్వు ఎవురి కారుకో ఆనుకోని ఫోటో పంపినావే, మన కారేదని ఈ బిడ్డ అడిగిందంట్రా? తప్పు నాదిరా నాయనా... ఉన్న మొహం చాలదని నెక్లెసేసి పంపినాను చూడు, నాది!"

చెంచులక్ష్మి మొదటిసారి నోరు విప్పింది. "గోడమీద ఉండేదాన్నే ఉంచుకో. నన్ను మాత్రం ఇంక ఫోటో అడగబాక."

రెండు నెలల సెలవు. మూడు వారాలకే వెళ్లిపోయాడు.

అతను బస్సెక్కిన మధ్యాహ్నం, ఆదిశేషమ్మ కోడల్ని అరుగుమీద కూర్చోబెట్టుకుని, ఆ చెంపలకు కొబ్బరినూనె రాసింది.

"మంటగా ఉండాదా, బిడ్డా?"

"లేదత్తా..."

మండుతూనే ఉంది. నిజం చెబితే ఆ చేయి ఎక్కడ తీసేస్తుందోనని అలా అంది.